గడప లేని గూడు

ఈ కథ మొదట చెప్పింది తాటిచెట్లెక్కే పామర్తి గంగులు. నడుముకి మోకు చుట్టుకుని సగం బతుకు చెట్టు మీదే గడిపినవాడు. గిజిగాడి గూటి పక్కన మొహం పెట్టి, లోపల ఏముందో కళ్ళారా చూసినవాడు. కాబట్టి గంగులు చెప్పిందే కథ. తర్వాత దీన్ని భజన చిట్టిబాబు ఎత్తుకుపోయి, నోటికొచ్చినట్టు మార్చి పిల్లలకి చెబుతున్నాడు. ఆ సంగతి చివర చూద్దాం. ముందు జరిగింది జరిగినట్టు వినండి.

వాగుకీ వరిచేలకీ నడుమ ఒక ఇసుకదిబ్బ. దాని మీద తాటిచెట్లు. ఈత కాదు, కొబ్బరి కాదు, తాడి. వానలు పడి వాగు పొంగిందంటే చుట్టుపక్కల తుప్పలూ గట్లూ పుట్టలూ అన్నీ మునిగిపోతాయి, దిబ్బ ఒక్కటే తేలి ఉంటుంది. అందుకని దిబ్బ మీద చోటున్నవాడు దొర. లేనివాడు ఆకాశం వంక చూస్తూ బతకాలి.

ఆ చోటుకి ఒక కట్టుబాటుంది. "చెట్టుకొక గడప." అంతే మాట. చెట్టు మీద కాపురముంటే కింద ఎవరూ ఉండకూడదు. కింద ఉంటే మీద ఉండకూడదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. దాన్ని కాపాడేవాడు మాత్రం అందరికీ తెలుసు. నక్క దాలయ్య. అన్నిటికంటే లావుపాటి తాడి మొదట్లో అతని బొరియ. పొద్దున్నే తోక దులుపుకుని దిబ్బంతా ఒక చుట్టు తిరిగి, ఏ చెట్టు కింద కొత్త మట్టి కనబడినా, ఏ ఆకుకి కొత్త పీచు వేలాడినా, "ఎవర్రా అది?" అంటాడు.

ఆ ఏడు వాగువైపు ఒరిగిన తాడి మీద కొత్త పీచు వేలాడింది.

అది గిజిగాడు బుల్లబ్బాయిది. పసుపు నెత్తి, పిడికిలంత ఒళ్ళు, ఒళ్ళంతా ప్రశ్నలు. వరిచేలో ఆకు చీరి, ఆ పోచ ముక్కున కరుచుకొచ్చి, తాటాకు కొసకి ముడేసి, తలకిందులుగా వేలాడి అల్లుతున్నాడు. అల్లుతూనే కిందికి చూసి, "అదెందుకలా ఉంది? ఇదెందుకిలా ఉంది?" అని తనలో తనే అడుక్కుంటాడు. వాళ్ళ అమ్మ వీడి నోట్లో పోచ ఉన్నంతసేపే ఊరికి శాంతి అనేదట.

ఆ తాడి మొవ్వులో ఉడుత చారమ్మ ముందునుంచీ ఉంటోంది. ఆవిడకేం అడ్డం లేదు.

"నువ్వు ఆకు కొసన ఊగుతావు, నేను మొవ్వులో ముడుచుకుంటాను. నీ కిచకిచ నాకు తోడు. కాకపోతే పోచలు నా గుమ్మంలో రాల్చకు, అల్లుడూ" అంది.

గూడు సగమయ్యాక, వరాలు అనే ఆడపిట్ట వచ్చి చూసింది. గిజిగాళ్ళలో అదే ఆచారం. మగపిట్ట సగం అల్లి పిలవాలి. ఆడపిట్ట వచ్చి అల్లిక లాగి చూడాలి. నచ్చితేనే మిగతా సగం, నచ్చకపోతే గూడు గాలికే.

వరాలు ముడి లాగింది. ఊగి చూసింది. లోపల తిరిగింది.

"అల్లిక గట్టిదే. మరి చోటు గట్టిదేనా?"

"తాడి కొస. పాము పాకలేదు, కింద నీళ్ళు..."

"అది కాదయ్యా అడిగేది. ఆ నక్క పీకేస్తానంటే? పోయినేడు మా అక్క గుడ్లు పెట్టాక గూడు తెంపించాడు. నేను గుడ్లు పెట్టాలంటే పెద్దలందరి ముందూ ఉండమన్న మాట కావాలి. మబ్బు దిగేలోగా తేల్చు. లేదంటే నా దారి నాది."

బుల్లబ్బాయి మొహాన ఎప్పుడూ ఉండే ప్రశ్న పోయి, మొదటిసారి దిగులొచ్చింది. కానీ దిగులు వాడి దగ్గర ఎంతసేపుంటుంది? వెంటనే దాలయ్య దగ్గరికి ఎగిరాడు.

"మావా, చెట్టుకొక గడపే ఎందుకు?"

"పెద్దలు పెట్టారు."

"పెద్దలెందుకు పెట్టారు?"

"ఒరే, ఇవాళ నిన్నుండనిస్తే రేపు నీ అన్నలొస్తారు. ఎల్లుండి ఎలకలు. ఆ తర్వాత పల్లపు తుప్పల్లో ఉన్న అలగా జనమంతా. దిబ్బ దిబ్బలా ఉంటదా? సంతలా ఉంటది! ఈ నీడ, ఈ సద్దులేనితనం, ఈ పరువు ఎక్కడికి పోవాలి?"

"నీడ చెట్టుది కదా, మావా?"

"పోయి గూడు విప్పుకో. పంచాయితీలో మాట పడకముందే విప్పుకుంటే మర్యాద."

కిందినుంచి కట్టుబాటు గట్టిగానే కనబడుతోంది. దాని మొదలెక్కడుందో చూద్దామని మైలయ్య దగ్గరికి పోయాడు బుల్లబ్బాయి. మైలయ్య దిబ్బ మీద మేసే ముసలెద్దు. దిబ్బ మీద అందరికంటే పెద్ద. మాటకీ మాటకీ నడుమ ఒక నెమరు వేస్తాడు. ఆ నెమరు అయ్యేదాకా ఆగినవాడికే జవాబు.

"తాతా, ఆ కట్టుబాటు పెట్టింది ఎవరు?"

నెమరు.

"మా తాత."

"ఎందుకు?"

నెమరు. ఈసారి పెద్దది. బుల్లబ్బాయి ఆయన కొమ్ము మీద కూర్చుని, ఒక కాలు మార్చి ఇంకో కాలు పెట్టాడు.

"అప్పుడీ తాటిచెట్లు మా తాత మూపురమంతే ఉండేవట. మొవ్వు లేతది. రెండు కాపురాలు పడితే విరిగిపోద్దని, చెట్టుకొక గడప చాలన్నాడు. 'చెట్లు ఎదిగేదాకా' అని కూడా అన్నాడు."

బుల్లబ్బాయి తలెత్తి చూశాడు. తాటిచెట్లు మబ్బుల్ని గీకుతున్నాయి.

"ఎదిగాయి కదా, తాతా!"

"ఎదిగాయి. ఆ చివరి మాట మాత్రం ఎవడూ గుర్తుంచుకోలేదు. నేనొకసారి అన్నాను. దాలయ్య సాక్ష్యమెవరన్నాడు. చచ్చిపోయిన తాతని ఎక్కడ తెచ్చేది?"

సత్యం చేతిలో ఉండీ సాక్ష్యం లేకపోవడమంటే అదే. బుల్లబ్బాయి తిరిగి గూటికొచ్చి తలకిందులుగా వేలాడాడు. ఆలోచన వాడికి అలాగే వస్తుంది. అలా వేలాడి చూస్తుంటే, ఎన్నాళ్ళుగానో చూస్తున్నదే మళ్ళీ కనబడింది. దాలయ్య తాడి మొదట్లో బొరియలోకి దూరాడు. ఎంతసేపటికీ అక్కడినుంచి రాలేదు. దిబ్బ అంచున, బలుసు పొద పక్కన లేచి ఒళ్ళు దులుపుకున్నాడు.

"ఇక్కడ దూరి అక్కడ లేస్తాడేంటి?" అనుకున్నాడు బుల్లబ్బాయి.

దాని వెనకే ఇంకో ప్రశ్న వచ్చింది. వానాకాలం అందరూ చిక్కిపోతారు. దాలయ్య మాత్రం బలుస్తాడు. ఎందుకు?

వరదొచ్చినప్పుడు పల్లంలో ఉండే కుందేళ్ళూ, కముజు పిట్టలూ, ఎలకలూ దిబ్బ అంచుకి చేరతాయి. పైకి పోదామంటే గడప లేదు, కిందికి పోదామంటే నీళ్ళు. అంచునే ముడుచుకుని తెల్లారేదాకా ఉంటాయి. తెల్లారేసరికి కొన్ని ఉండవు. "వాగు తీసుకుపోయింది, పాపం" అని దాలయ్య కళ్ళు తుడుచుకునేవాడు. నిజంగానే తుడుచుకునేవాడు. మూతి కూడా తుడుచుకునేవాడు.

బుల్లబ్బాయికి లెక్క తేలింది. అయినా నోరు విప్పలేదు. వాగేవాడు నోరు మూసుకున్నాడంటే ఏదో అల్లుతున్నాడని అర్థం.

మబ్బు దిగుతోంది. కాకి కోటయ్య చెట్టుచెట్టుకీ తిరిగి "పంచాయితీ, పంచాయితీ" అని అరిచాడు. అందరూ లావుపాటి తాడి కింద చేరారు. ఒక పక్క గద్ద, చిలకలు, చారమ్మ. ఇంకో పక్క పందికొక్కు కొండమ్మ, పొట్ట కింద పిల్లల్ని పొదువుకుని. పల్లపు కుందేళ్ళు పిలవకపోయినా వచ్చి దూరంగా నిలబడ్డాయి. నడుమ మైలయ్య. మైలయ్య ఎదురుగా దాలయ్య, తోక ముందుకి వేసుకుని.

"రెండు తప్పులు" అన్నాడు దాలయ్య. "ఒకటి, చారమ్మ చెట్టుకి ఈ పిట్ట గూడు. రెండు, గద్ద చెట్టు కింద కొండమ్మ బొరియ. తా దూర కంత లేదు మెడకో డోలన్నట్టు, ఆవిడ బొరియకి రెండు కన్నాలు కూడాను!"

"ఒకటి గాలికి, ఒకటి నడకకి నాయనా" అంది కొండమ్మ. "ఇంత పొగరు మాటలొద్దు. నీ చిన్నప్పుడు నా పక్కనే కప్పల కోసం తిరిగినవాడివి."

"అది వేరే సంగతి."

"కప్పలకి వేరే సంగతి కాదు" అంది చారమ్మ పైనుంచి. చిలకలు నవ్వాయి.

అప్పుడు బుల్లబ్బాయి దిగి, దాలయ్య ముందు వినయంగా రెక్కలు ముడిచాడు.

"మావా, నేను పిట్టబుర్రవాణ్ని. నాకొక్కటి తెలియక అడుగుతాను. గడప అంటే ఏంటి?"

"గడపంటే తెలీదా?"

"చారమ్మత్తకి ఆకుల సందు. గద్దకి పుల్లల కుప్ప. ఎవరి గడప ఏదో నాకెలా తెలుస్తది? నువ్వు చెబితే అందరికీ ఒకటే లెక్క ఉంటది."

దాలయ్య ఒకసారి కొండమ్మ వైపు చూశాడు. ఆ రెండు కన్నాలూ వదిలిపెట్టడం ఇష్టం లేదు. తెలివి ఎక్కువైనవాడికి ఒకే రాయితో రెండు కాయలు కొట్టాలనిపిస్తుంది. కొట్టాడు.

"నేల మీద కాలు మోపి, దాటి లోపలికి పోయే చోటు గడప. కన్నం ఒకటుంటే ఒక గడప, రెండుంటే రెండు. అంటే కొండమ్మవి రెండు కాపురాల లెక్క. ఒక్క గడపకి మించి ఎన్నుంటే అన్నీ పోవాలి."

"ఎవరివైనా?"

"ఎవరివైనా!"

"మళ్ళీ మాట మార్చవు కదా, మావా? నేను మరిచిపోతాను, అందుకని."

"నా మాట రాతి మీద గీత. కోటయ్యా, అరిచి చెప్పు!"

కాకి కోటయ్య దిబ్బ నాలుగు మూలలా అరిచొచ్చాడు. "నేల మీద కాలు మోపి దాటేదే గడపహో! ఒక్కటి మించితే పోవాలహో!"

"తాతా, విన్నావా?"

మైలయ్య నెమరు ఆపాడు. ఆయన నెమరు ఆపడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"విన్నాను."

"అయితే నా గూడు చూడండి" అని బుల్లబ్బాయి పైకి ఎగిరాడు.

అందరూ తలలెత్తారు. సొరకాయలా ఉంది గూడు. దాని కింద పొడుగాటి గొట్టం, నోరు నేలవైపు. బుల్లబ్బాయి కిందినుంచి బాణంలా వచ్చి, ఎక్కడా ఆగకుండా గొట్టంలోకి దూరాడు. మళ్ళీ రాయిలా జారి బయట పడ్డాడు.

"కాలు ఎక్కడ మోపాను? ఏం దాటాను?"



"లోపల చిన్న కట్ట ఉంది" అంది చారమ్మ నెమ్మదిగా. ఆవిడకి అబద్ధం రాదు, స్నేహమైనా సరే. "గుడ్లు జారకుండా అల్లిన కట్ట. దాని మీద కాలు పెడతాడు. చూశాను."

వరాలు రెక్క కొరుక్కుంది. దాలయ్య కళ్ళు మెరిశాయి.

"అదిగో! గడప!"

"కట్ట ఉంది, మావా. నేల ఏది? 'నేల మీద కాలు మోపి' అన్నావు. కోటయ్య బావ నాలుగు మూలలా అరిచాడు కూడా."

మైలయ్య తల ఊపాడు.

"ఆ గూటికి గడప లేదు. గడప లేని గూళ్ళు చెట్టుకి ఎన్నున్నా కట్టుబాటు తప్పినట్టు కాదు."

చిలకలు రెక్కలు కొట్టాయి. వరిచేలో పొంచి వింటున్న బుల్లబ్బాయి అన్నదమ్ములు పోచలు కరుచుకుని అప్పుడే బయల్దేరారు. వరాలు ఎగిరొచ్చి గూటి మీద వాలింది. బుల్లబ్బాయికి కావలసింది దొరికింది. అక్కడితో కథ అయిపోవాలి.

కానీ కింద కొండమ్మ అంది. "నీ గూడు నిలబడింది నాయనా, సంతోషం. ఆ లెక్క నువ్వే చెప్పించావు. ఆ లెక్కతోనే నా పిల్లలు నీళ్ళలోకి పోతున్నారు. నాకున్నవి కాళ్ళు, రెక్కలు కావు."

ఆ మాట పోచలా గుచ్చుకుంది. వరాలు వాడి చెవి దగ్గర చేరి, "ఇంకా ఏదో అడగాలనుంది కదూ నీకు? మొహం చూస్తే తెలుస్తోంది. అడుగు" అంది.

"గుడ్లు పెట్టే చోటు దొరికాక మళ్ళీ నక్కతో పేచీ ఎందుకంటావేమో అనుకున్నాను."

"అడక్కపోతే నీకు నిద్ర పట్టదు. నీకు పట్టకపోతే నాకు పట్టదు. అడుగు."

బుల్లబ్బాయి మళ్ళీ దిగాడు.

"మావా, ఒక్క సంగతి. మీ ఇంటికి కన్నాలెన్ని?"

"ఒక్కటే" అన్నాడు దాలయ్య. మరీ తొందరగా అన్నాడు. "కనబడట్లేదా? ఇదుగో!"

"కనబడుతోంది. మైలయ్య తాతా, నీకు జలుబు చేసిందా? కాస్త ఆ కన్నంలో ముక్కు పెట్టి ఊదుతావా?"

"ఎద్దు నా ఇంట్లో ఊదడమేంటి? మర్యాదుందా!" అని దాలయ్య అడ్డం నిలబడ్డాడు. మైలయ్య కొమ్ము అతన్ని పక్కకి జరిపింది, తలుపు జరిపినట్టు. తర్వాత ఆయన ముక్కు బొరియకి ఆనించి, ఎండాకాలమంతా దాచుకున్న ఊపిరి ఒక్కసారి బుస్సున వదిలాడు.

లోపల ఏదో గడగడమంది. ముందు బలుసు పొద పక్కన దుమ్ము లేచింది. తర్వాత నాగజెముడు వెనక. తర్వాత ముళ్ళకంప కింద. తర్వాత దిబ్బ అంచున, వాగువైపు, వరదరోజుల్లో కుందేళ్ళు ముడుచుకుని కూర్చునే చోట, సరిగ్గా అక్కడ, దుమ్ముతో పాటు మెత్తటి తెల్లబొచ్చు లేచి గాల్లో తేలింది.

అందరూ ఆ బొచ్చునే చూశారు. దూరంగా నిలబడ్డ కుందేళ్ళలో ఒక ముసల్ది ముందుకొచ్చి, బొచ్చు వాసన చూసింది.

"వాగు తీసుకుపోయిందన్నావు కదా, దాలయ్యా" అంది. అంతే అంది.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. దాలయ్యకి తన నలుపు తెలుసు, మనకి తెలీదనుకున్నాడు, అదీ తేడా.

"గాలికోసం తవ్వుకున్నా" అన్నాడు. "ఒకటి గాలికి, ఒకటి నడకకి..."

"మిగతావి?" అంది కొండమ్మ.

"నీ లెక్కే, మావా" అన్నాడు బుల్లబ్బాయి. "ఒకటి నీకు. మించినవి పోవాలి. ఎవరివైనా."

"ఒకే కన్నమున్న నక్క కుక్కల పాలు! నన్ను చంపుతారా?"

"అయితే ఆ లెక్క తప్పంటావా?"

దాలయ్య అటూ ఇటూ చూశాడు. తప్పంటే కొండమ్మ నిలబడుతుంది, కట్టుబాటు పడిపోతుంది. ఒప్పంటే తన ఇల్లు పోతుంది. రాతి మీద గీత గీసినవాడికి ఆ గీతే మెడకి చుట్టుకుంది.

అప్పుడు మైలయ్యే నోరు తెరిచాడు. నెమరు లేకుండా మాట్లాడాడు.

"లెక్క తప్పూ కాదు, ఒప్పూ కాదు. పాతది. మొవ్వు విరుగుద్దని పెట్టిన కట్టుబాటు మొవ్వు గట్టిపడ్డాక ఎవరిని కాపాడుతోందో ఇప్పుడే చూశాం. ఇకనుంచి చెట్టు మోసినన్ని గూళ్ళు. నేల పట్టినన్ని బొరియలు. వేళ్ళు తెగేలా తవ్వితే మాత్రం నా కొమ్ముతో మాట్లాడాలి. వేలాడేవాడు వేలాడతాడు, తవ్వేవాడు తవ్వుతాడు, తొర్రలో ఉండేవాడు తొర్రలో. ఎవరి ఇల్లు ఎలా ఉండాలో వాళ్ళ ఒళ్ళు చెబుతుంది, పక్కోడి నోరు కాదు."

"మరి దాలయ్య కన్నాలు?" అన్నాడు కోటయ్య.

"తవ్వినవి ఎందుకు పూడ్చడం? లోపల గోడలు కట్టి కాపురాలు పెట్టండి."

గద్ద మెడ తిప్పి, "నా చెట్టు కింద ఈ ఎలకల రద్దీ..." అని సణిగింది. మైలయ్య ఆ వైపు ఒక్కసారి చూశాడు. గద్ద ఈకలు సర్దుకుంది.

వాన మొదలయ్యేలోపే పనైపోయింది. కొండమ్మ బంధువులు వచ్చి లోపల మట్టిగోడలు లేపారు. అంచున కన్నంలో కుందేళ్ళు దిగాయి. నాగజెముడు వెనక కన్నం కముజు పిట్టలకి. నక్కకి ఆనుకుని ఉన్న గదిలోకి మాత్రం మైలయ్య ఏరికోరి ముళ్ళపందిని పంపాడు. అది నిద్రలో పక్కకి దొర్లే రకం.

వాగు పొంగింది. వాగువైపు ఒరిగిన తాడికి సొరకాయల పందిరిలా గూళ్ళు ఊగాయి. చారమ్మ మొవ్వులో కూర్చుని, "పోచలు రాల్చకండర్రా!" అని అరుస్తూనే ఉంది, ఆ అరుపులో కోపం లేదు. వరాలు గుడ్ల మీద కూర్చుంది. బుల్లబ్బాయి గూటి కింద వేలాడి దిబ్బ అంచు వంక చూశాడు. అక్కడ ముడుచుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఏడు వాగు ఎవరినీ తీసుకుపోలేదు.

దాలయ్య ఒకే కన్నంలో, ఒకే గదిలో, పలచటి గోడకి ఆనితే ముళ్ళు, ఆనకపోతే ఇరుకు, అవతల కుందేలు పిల్లల గెంతులు వింటూ వానంతా గడిపాడు. వరద తీసిన మర్నాడు బక్కచిక్కి బయటికొచ్చి, ఎవరితో చెప్పకుండా అవతలి గట్టుకి పోయాడు. పోతుంటే పైనుంచి బుల్లబ్బాయి అడిగాడు.

"మావా, అక్కడ గడపకి లెక్కెంతో?"

దాలయ్య తోక ముడుచుకుని నడక పెంచాడు.

ఎదుటివాడి గడప కొలవబోయేవాడు ముందు తన కన్నాలు లెక్కపెట్టుకోవాలి.

ఇదీ గంగులు చెప్పిన కథ. భజన చిట్టిబాబు కథలో మైలయ్య లేడు, ఏనుగుంది. ఇసుకదిబ్బ మీదికి ఏనుగు ఎక్కితే తాటిచెట్లుంటాయా? పైగా దాలయ్య పేదల్ని చూసి జాలిపడి తన ఇల్లు పంచి ఇచ్చాడట! పిల్లలు నక్కకి చప్పట్లు కొడుతున్నారట. నేను చిట్టిబాబుతో మాట్లాడి చాలా ఏళ్ళైంది, ఇప్పుడు మాట్లాడే ఉద్దేశమూ లేదు. మీలో ఎవరైనా అటు పోతే ఆ పిల్లల్ని కూర్చోబెట్టి కాస్త సరిచేసి చెప్పండి. ఏనుగు కాదు, ఎద్దు. ఇవ్వడం కాదు, దొరికిపోవడం. గెలిచింది జాలి కాదు, గడపంటే ఏంటని అడిగిన పిట్ట.